సంగట్లో మాత్ర

మాత్రను సంగటి ముద్దలో పెట్టడానికి నంజుండప్పకు ఒక పద్ధతి ఉంది. వేడి సంగటిలోంచి నిమ్మకాయంత తీసుకుని, అరచేతిలో రెండుసార్లు దొర్లించి, బొటనవేలితో నడుమ గుంట చేస్తాడు. ఆ గుంటలోకి ముందు ఎర్రటి ఇనుము మాత్ర పోతుంది. దాని మీద తెల్లటి క్యాల్షియం మాత్రను రెండు ముక్కలు చేసి పెడతాడు. అన్నిటికంటే పైన, ఆవగింజకు అన్నలాంటి చిన్న థైరాయిడ్ మాత్ర. తరవాత అంచులు దగ్గరికి లాగి, మళ్ళీ దొర్లించి, చారులో ఒక్క మునక ముంచి ఇస్తాడు. అతుకు యాడుందో కనపడదు. బంగారు గనుల ఆసుపత్రిలో ముప్పై రెండేళ్ళు కాంపౌండరుగా చేసిన చేతులవి. గనులు మూతబడ్డాయి గానీ ఆ చేతులకు పని పోలేదు. చుట్టుపక్కల గని కూలీల ఇండ్ల లైన్లలో ఎవరికి జ్వరం వచ్చినా, ఎవరికి మాత్ర గొంతు దిగకపోయినా ఆయన ఇంటికే వస్తారు. సంగటిని ఎట్లాగూ నమలరు, మింగుతారు. అందులో మాత్ర పెడితే చేదు తెలీదు, కడుపు మండదు. ఈ కిటుకు ఊరికంతా నేర్పింది ఆయనే.

కోడలు కావేరి గోడకు ఆనుకుని కూర్చుని ముద్ద అందుకుంది. ఆమెకు నాలుగో నెల. మొహం ఉబ్బి ఉంది. మాట బొంగురు. ఎండాకాలంలో కూడా స్వెట్టరు విప్పదు. అంట్లు తోమడానికి కూర్చుంటే గిన్నె చేతిలో పెట్టుకుని ఎటో చూస్తూ ఉండిపోతుంది. అది బద్ధకం కాదు, థైరాయిడ్ అని డాక్టరమ్మ చెప్పి ఆరు వారాలైంది. ఆ రోజు మాత్రల సీసా ఇంటికి తెచ్చుకున్నప్పుడు కావేరి, "నర్సమ్మ ఉట్టి కడుపుతో ఏసుకోమన్నాది మామా" అంది.

"ఉట్టి కడుపుతో మాత్ర ఏసుకుంటే పేగు కాలిపోతాదమ్మా. ఆ నర్సు నిన్న పుట్టింది. నేను ఎన్నివేల కడుపులు చూసినానో నీకు తెలుసా?" అన్నాడు నంజుండప్ప.

ఆమె రెండోసారి అనలేదు. అప్పట్నుంచి పొద్దున ఎనిమిదికి మూడు మాత్రలూ ఒకే ముద్దలో, ఆయన చేతి మీదుగానే పోతున్నాయి.

ఆ గురువారం రాబర్ట్సన్‌పేటలో డాక్టరమ్మ దగ్గరికి రక్తం రిపోర్టు చూపించుకోవడానికి మామా కోడలూ ఇద్దరే పోయారు. కావేరి మొగుడు ప్రజ్వల్ తెల్లారక ముందే మారికుప్పంలో రైలెక్కి బెంగళూరు పనికి పోతాడు. పొద్దు గూకినాకే రావడం. వరసలో పదిమంది ఆడవాళ్ళు పొట్టల మీద చేతులేసుకుని కూర్చున్నారు. డాక్టరమ్మ గదికి తలుపు లేదు, కర్టెన్ మాత్రమే. లోపలి మాట బయటికి వినిపిస్తుంది.

"పోయినసారి ఎనిమిది. ఇప్పుడు పద్నాలుగు" అంది డాక్టరమ్మ కాగితం చూస్తూ. "తగ్గాల్సింది పెరిగింది. మందు ఒంటికి చాలకపోతేనే ఈ నెంబరు పెరిగేది. మాత్రలు వేసుకుంటున్నావా లేదా?"

"ఏసుకుంటా ఉండాను మేడం."

"రోజూనా?"

"రోజూ."

"నేనే ఇస్తానమ్మా" అన్నాడు నంజుండప్ప. నిలబడి, చొక్కా గుండీ సర్దుకుని, "గనుల ఆసుపత్రిలో ముప్పై రెండేండ్లు కాంపౌండరును. ఒక్క దినం తప్పలేదు" అన్నాడు.

ఆ మాట వినగానే డాక్టరమ్మ మొహంలో మర్యాద వచ్చింది. అడగాల్సిన ప్రశ్న ఒకటి ఆ మర్యాద కింద పడిపోయింది. ఎట్లా ఇస్తున్నారని ఆమె అడగలేదు. "చూడమ్మా" అంది కావేరితో, "మొదటి మూడు నెలలూ బిడ్డకు సొంత థైరాయిడ్ ఉండదు. నీ రక్తంలో ఉన్నదే దానికి ఆధారం. మెదడు పెరిగేది దాంతోనే. నీలో లేకపోతే దానికి యాడినుంచి వస్తుంది?" మళ్ళీ నంజుండప్ప వైపు తిరిగింది. "మీరే ఇస్తున్నారంటున్నారు. మరి ఇదెట్లా పెరిగింది?"

గదిలో ఫ్యాను తిరుగుతోంది. కర్టెన్ బయట ఎవరో దగ్గారు. నంజుండప్పకు ఆ క్షణాన రెండే దారులు కనిపించాయి. తప్పు తనదైనా కావాలి, ఆ పిల్లదైనా కావాలి. తనది ఎట్లా అవుతుంది?

"నేను ఇచ్చేది ఇస్తా" అన్నాడు. "ఇచ్చినాక ఆ పిల్ల ఏం చేస్తాదో నేనెట్ల చెప్పేది మేడం? నోట్లో పెట్టుకుని ఉమ్మేస్తే?"

కావేరి తల తిప్పి ఆయన వైపు చూసింది. ఆమె ఇప్పుడు ఏ పనైనా మెల్లగానే చేస్తుంది. ఆ చూపు తిరగడానికి కూడా చానా సేపు పట్టినట్టనిపించింది.

"నేను ఉమ్మలేదు" అంది.

డాక్టరమ్మ తాయి కార్డు తీసుకుంది. కడుపుతో ఉన్న ప్రతి ఆడదాని దగ్గరా ఉండే కార్డు అది. కాన్పు అయ్యేదాకా ఏ నర్సు చూసినా, ఏ డాక్టరు చూసినా అందులోనే రాస్తారు. ఎర్ర పెన్నుతో రెండు ముక్కలు రాసింది. నంజుండప్పకు ఇంగ్లీషు వచ్చు. తలకిందులుగా ఉన్నా చదివేశాడు. 'మాత్రలు సరిగా మింగడం లేదు. ఇంటివారు చెప్పిన మాట.' మాత్ర డోసు డెబ్బై అయిదు మైక్రోగ్రాముల నుంచి నూట ఇరవై అయిదుకు పెంచింది. బయటికి వస్తుంటే వరసలోని ఆడవాళ్ళు కావేరి మొహం చూసి, ఆమె పొట్ట చూసి, తలలు దించుకున్నారు.

ఆ సాయంత్రం నంజుండప్ప పెండ్లాము అంబుజమ్మ వంటింట్లోంచి ఊరికి వినపడేటట్టు మాట్లాడింది. "బిడ్డ కావాలని లేకుంటే ముందే చెప్పొచ్చు గదా! ఆయప్ప వంగలేని నడుముతో రోజూ ముద్ద చేసి చేతికిస్తే ఈమెకు అలుసైపోయె. రానీ, వాళ్ళమ్మను రానీ. క్యాసంబళ్ళికి కబురు పంపినాను. ఆదివారం వస్తాది. తీసుకొనిపోయి వాళ్ళ బిడ్డను వాళ్ళే మేపుకోనీ."

ప్రజ్వల్ రైలు దిగి వచ్చి, బూట్లు విప్పకుండానే అంతా విన్నాడు. భోజనానికి కూర్చుని కావేరిని అడిగాడు, "నిజం చెప్పు. ఉమ్మినావా?"

"లేదు."

"అయితే అప్ప అబద్ధం చెప్తాడా?"

ఆమె పళ్ళెంలో నీళ్ళు పోసి చెయ్యి కడిగేసుకుంది. ప్రజ్వల్ కూడా లేచిపోయాడు.

మర్నాడు ముద్ద ఇచ్చేటప్పుడు నంజుండప్ప జేబులో టార్చిలైటు ఉంది. కావేరి మింగింది. "నోరు తెరువమ్మా" అన్నాడు. తెరిచింది. కుడి బుగ్గ, ఎడమ బుగ్గ. "నాలిక పైకెత్తు." ఎత్తింది. టార్చి వెలుతురులో చిగుళ్ళు తెల్లగా, రక్తం లేనట్టు కనిపించాయి. ఏమీ లేదు. ఒక గంటసేపు ఆమెను చాప మీదనుంచి లేవనివ్వలేదు అంబుజమ్మ. ఇద్దరాడవాళ్ళూ ఎదురెదురుగా కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరారు. బియ్యం అయిపోయినాక కందిపప్పు ఏరారు. దాంట్లో రాళ్ళే లేవు.

తొమ్మిదిన్నరకు కావేరి పెరట్లోకి పరుగెత్తి వాంతి చేసుకుంది. నంజుండప్ప ఆమె లోపలికి పోయిందాకా ఆగి, చీపురుపుల్ల తీసుకుని పోయి దాన్ని కదిలించి చూశాడు. పచ్చటి నీళ్ళు, నురగ. మాత్ర జాడ లేదు, ముద్ద జాడా లేదు. దొరికి ఉంటే బాగుండునని ఆయనకు అనిపించింది. అట్లా అనిపించినందుకు సిగ్గేసింది. పుల్ల పారేసి కాళ్ళు కడుక్కున్నాడు.

శనివారం పొద్దున టార్చి వేసి చూస్తుండగా ముత్యాలప్ప వచ్చాడు. ఒకప్పుడు ఛాంపియన్ రీఫ్‌లో భూమి అడుగున డ్రిల్లింగు పని చేసినవాడు. ఇప్పుడు దగ్గు తప్ప ఆస్తి లేదు. అరుగు మీద కూర్చుని చూసి ఫక్కున నవ్వాడు.

"ఏం సామీ, గేటు దగ్గర మమ్మల్ని చూసినట్టు చూస్తా ఉండావు! పాపకు బంగారం యాడ దొరికింది?"

"ఊరుకో ముత్యాలూ."

"పైకొచ్చేటప్పుడు వాచ్‌మన్ నోట్లో వేలు పెట్టి చూసేటోడు గదా. ఆ ఏలు సోపుతో కడిగి ఎన్ని నెలలయ్యేదో. అదే నాకు కోపం, చూసినందుకు కాదు." దగ్గు ఆగినాక గొంతు తగ్గించాడు. "ఇప్పుడు చెప్తే ఏం, గనీ లేదు గేటూ లేదు. నేను ఒగసారి మింగినాను సామీ. జొన్నగింజంత. నోట్లో చూస్తారు గానీ కడుపులో చూస్తారా? ఆ పొద్దు నీ దగ్గరికే వచ్చి కడుపునొప్పని ఆముదం అడిగితిని. జ్ఞాపకముందా?"

"లేదు."

"మూడో దినం వచ్చె. ఎట్లా పోయిందో అట్లే వచ్చె. మెరుపు కూడా తగ్గలే! మూడు దినాలు రాజు మాదిరి తిరిగినా, కడుపులో బంగారం ఉండాదని. నా ఒంటికి వచ్చిందేమి? ఏమీ లే. ఈ పక్క పోయింది, ఆ పక్క వచ్చింది. నేను సుమ్మనే, ఊరికే మోసినాను, అంతే."

లోపలినుంచి చిన్న నవ్వు వినిపించింది. కావేరి. ఆ ఇంట్లో ఆమె నవ్వి ఎన్నాళ్ళయిందో. అంబుజమ్మ వంటింట్లోంచి తొంగి చూసేసరికి ఆగిపోయింది.

"వచ్చింది యాడ పెట్టినావు?" అన్నాడు నంజుండప్ప, ఏదో ఒకటి అనాలని.

"అది నా పెండ్లాము ముక్కుపుడక సామీ. వాసన చూసి చెప్పకు!" అని ముత్యాలప్ప మళ్ళీ నవ్వి, నవ్వులోంచి దగ్గులోకి పోయాడు.

పదకొండుకు నంజుండప్ప కొత్త మాత్రలకోసం బజారుకు బయలుదేరాడు. గని మట్టి పోసిన సైనైడ్ గుట్టల మీదనుంచి గాలి లేచి సన్నటి దుమ్ము కండ్లలో కొడుతోంది. తువ్వాలు మొహానికి కట్టుకుని నడిచాడు. ఈ పక్క పోయింది, ఆ పక్క వచ్చింది అన్న మాట దారి పొడుగునా వెంట వచ్చింది. ఎందుకు వస్తోందో ఆయనకు అర్థం కాలేదు.

మందుల షాపులో స్మిత అని ఒక పిల్ల కూర్చుంటుంది. బెంగళూరులో ఫార్మసీ చదివి వచ్చింది. చీటీ చూసి, "నూట ఇరవై అయిదా? పోయినసారి డెబ్బై అయిదు కదా తాతా తీసుకొనిపోయినారు? ఇంత పెంచినారే" అంది.

"నెంబరు తగ్గలేదు."

"ఎట్లా ఏసుకుంటారు? పొద్దున్నే ఉట్టి కడుపుతోనే కదా?"

తనకు చెప్పొచ్చే పిల్లా ఇది, అనుకున్నాడు. "సంగట్లో పెట్టి ఇస్తా. కడుపుకు మంచిది."

సీసా కాగితం సంచిలో వేస్తున్న స్మిత చెయ్యి ఆగింది. "రాగి సంగట్లోనా?"

"రాగి సంగటి గాక ఇంకేముంది ఈ ఊర్లో?"

"ఇనుము మాత్ర ఎప్పుడు ఇస్తారు తాతా? క్యాల్షియం?"

"అన్నీ ఒకే ముద్దలో. ఒకేసారి అయిపోతాది గదా."

వెనక వేరే మనిషి దగ్గు మందు అడుగుతుంటే స్మిత ఆగమని చెయ్యి చూపింది. స్టూలు లాగి కూర్చోమంది. "తాతా, కోపం చేసుకోవద్దు. ఈ మాత్ర మింగితే చాలదు. పేగు దీన్ని పీల్చుకుని రక్తంలో వేసుకోవాల. ఉట్టి కడుపుతో ఉంటే సగం కంటే ఎక్కువ పీల్చుకుంటాది. పక్కన ఇనుమో క్యాల్షియమో ఉంటే అవి దీన్ని గట్టిగా పట్టేసుకుంటాయి, పేగుకు ఇయ్యవు. రాగుల్లో క్యాల్షియం ఎంత ఉంటాదో మీకు తెలియనిదా? అట్లే కిందికి పోతాది. దొడ్డికి పోయేటప్పుడు పోతాది."

"ఎంత పోతాది?"

"ఎంతో నేను చెప్పలేను. రక్తమే చెప్తాది. చెప్పింది కదా."

స్మిత సీసా అట్టపెట్టెలోంచి మడతపెట్టిన కాగితం బయటికి తీసి విప్పింది. చీమలబారులాంటి అక్షరాలు. ఆయన కాలంలో మాత్రలు వెయ్యేసి డబ్బాల్లో వచ్చేవి. డబ్బాలో పత్తి ఉండేది గానీ కాగితం ఉండేది కాదు. "ఇది చదవండి తాతా. ఇంగ ఒక మాట. ఇన్నాళ్ళూ ఒంటికి పట్టలేదు కాబట్టే డోసు పెంచినారు. ఇప్పుడు ఉట్టి కడుపుతో నూట ఇరవై అయిదు పడితే ఎక్కువైనా కావచ్చు. ఒకసారి రక్తంలో కలిసిందంటే ఇది తొందరగా పోయే మందు కాదు. సగం పోవడానికే వారం పడుతుంది. గుండె దడ వస్తాది, నిద్ర ఉండదు. డాక్టరమ్మకు జరిగింది జరిగినట్టు చెప్పండి. ఆయమ్మే సరిగ్గా కట్టి ఇస్తాది."

బయటికి వచ్చి మూసి ఉన్న ఒక బట్టల షాపు మెట్టు మీద కూర్చున్నాడు. కండ్లద్దాలు తీసి తుడిచి పెట్టుకుని, వేలు కింద పెట్టి ఒక్కో వరసా చదివాడు. స్మిత చెప్పిందంతా అందులో ఉంది. ఇనుముకు నాలుగు గంటల ఎడం, క్యాల్షియానికి నాలుగు గంటల ఎడం. నలభై రెండు దినాలు. నలభై రెండు ముద్దలు. ప్రతి ముద్దలోనూ ఆ చిన్న మాత్రకు చెరో పక్క కావలివాళ్ళను పెట్టి, చుట్టూ గోడ కట్టి, అతుకు కనపడకుండా మూసింది ఈ చేతులే. గడపలో కాలు పెట్టనీకుండా, నేరుగా పెరటిదారిన బయటికి పంపించాడు. పిల్ల మింగింది. ప్రతి రోజూ మింగింది.

ముత్యాలప్ప మోసినట్టు మోసింది.

చానా సేపు కూర్చున్నాడు. పోయేవాళ్ళు ముగ్గురు "ఏం డాక్టరు సారూ, ఇక్కడ కూచున్నారు?" అని అడిగారు. మూడోవాడికి జవాబు చెప్పేలోపల ఆయనకు ఒక ఉపాయం తట్టింది. ఇంట్లో పాత డెబ్బై అయిదు సీసాలో ఇంకా మాత్రలు ఉన్నాయి. రేపట్నుంచి పొద్దున్నే ఉట్టి కడుపుతో దాన్నే ఇస్తే? కొత్త సీసా అలమారలో ఉండిపోతుంది. నెంబరు దానంతటదే దిగుతుంది. డోసు పెంచినందుకే దిగిందనుకుంటారు అందరూ. ఎవరికీ ఏమీ చెప్పాల్సిన పని లేదు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి లోపలి జేబులో పెట్టుకుని లేచాడు.

ఆదివారం పొద్దున ఆరింటికి లోటాలో నీళ్ళూ, అరచేతిలో ఆ ఒక్క మాత్రా తీసుకుని పోయి కోడలి ముందు నిలబడ్డాడు. కావేరి అప్పుడే లేచి జుట్టు ముడేసుకుంటోంది.

"సంగటి?" అంది.

"ఇంగ ఇట్లే. గంటసేపు ఏమీ తినొద్దు. ఇనుము మాత్ర మధ్యాహ్నం, క్యాల్షియం సాయంత్రం." ఆమె కదలకపోయేసరికి, "డాక్టరమ్మ చెప్పింది" అని కలిపాడు.

గురువారం డాక్టరమ్మ గదిలో తనూ ఉంది. అట్లాంటి మాట ఎవరూ అనలేదని కావేరికి తెలుసు. ఆమె ఆ మాత్ర వైపు చూసింది, నీళ్ళ వైపు చూసింది, మామ కండ్లలోకి చూసింది. ఆయన చూపు లోటా మీదికి దించుకున్నాడు. ఆమె మాత్ర వేసుకుని నీళ్ళు తాగింది. ఆ పొద్దు టార్చి బయటికి రాలేదు.

పదింటికి కావేరి తల్లి చిన్నవెంకటమ్మ క్యాసంబళ్ళినుంచి బస్సు దిగి వచ్చింది. టమాటా తోటలో పని చేసి చేసి ఎండిన మనిషి. తెచ్చిన టమాటాల సంచి గుమ్మం పక్కన పెట్టింది. చెప్పులు విడిచి, నీళ్ళు కూడా తాగకుండా కూతురి ఎదురుగా వచ్చి నిలబడింది. అంబుజమ్మ చెప్పాల్సిందంతా చెప్పింది. తాయి కార్డు తెచ్చి ఎర్ర సిరా చూపించింది. చిన్నవెంకటమ్మకు చదువు రాదు. కానీ ఎర్ర సిరా అంటే ఏమిటో తెలుసు. ప్రజ్వల్ గోడకు ఆనుకుని కూర్చుని ఫోను చేతిలో తిప్పుతున్నాడు. నంజుండప్ప కుర్చీలో ఉన్నాడు.

"ఏం మే, ఇందుకేనా నిన్ను ఈడికి ఇచ్చింది? చదువుకున్నోళ్ళ ఇల్లు, మందులు తెలిసిన మామ అని ఊరంతా చెప్పుకుంటి. ఆ మహారాజు చేత్తో ఇస్తే ఉమ్ముతావా? బిడ్డను చంపుకుంటావా?"

"ఉమ్మలేదమ్మా."

"డాక్టరమ్మ పొరబాటు రాస్తాదా? మీ మామ పొరబాటు చెప్తాడా?" ఒక్క దెబ్బ వేసింది వీపు మీద. కావేరి కదల్లేదు. రెండో దెబ్బకు ఎత్తిన చెయ్యి గాల్లో ఆగి, కిందికి దిగింది. చిన్నవెంకటమ్మ ఏడవడం మొదలుపెట్టింది. "అయితే కడుపు మీద చెయ్యి పెట్టి చెప్పు. బిడ్డ మీద ఒట్టు, నేను ఉమ్మలేదని చెప్పు. నేను నమ్ముతా. వీళ్ళూ నమ్ముతారు. అంతే గదా వదినా?"

"చెప్పనీ" అంది అంబుజమ్మ.

కావేరి చెయ్యి ఒళ్ళోనే ఉంది. "చెప్పను" అంది.

"ఏమిటికి?"

"ఇప్పటికే మూడు నెలలు పోయె. ఆ మూడు నెలల్లో బిడ్డకు ఏమయిందో ఎవరికి తెలుసు. రేపు పుట్టినాక మాట రాకపోతే, నడక రాకపోతే, మీరే అంటారు, ఈమె తప్పుడొట్టు ఏసింది, దాని ఫలమని. నేను ఏమీ చేయలేదు. బిడ్డ మీద ఒట్టు ఏమిటికి పెట్టాల?"

"చూడండి!" అంది అంబుజమ్మ. "ఏమీ లేకుంటే ఒట్టుకు భయమేమిటికి? ఇంగేం కావాల?"

చిన్నవెంకటమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ప్రజ్వల్ ఫోను కింద పెట్టాడు. "బట్టలు సర్దుకో" అన్నాడు కావేరితో, ఆమె వైపు చూడకుండా.

కావేరి నేలకు చెయ్యి ఆనించి మెల్లగా లేవబోయింది. అప్పుడు కూడా ఆమె మామ వైపు చూడలేదు. చూసి ఉంటే ఆయన ఇంకో రోజు ఓర్చుకునేవాడేమో.

"కూర్చోమ్మా" అన్నాడు నంజుండప్ప. గొంతు తనకే కొత్తగా వినిపించింది. "ఆ పిల్ల మింగింది."

లేవబోయిన కావేరి మళ్ళీ కూర్చుంది.

"అన్ని దినాలూ మింగింది. ఒంటికి పట్టనీకుండా చేసింది నేను. సంగట్లో పెట్టకూడదు ఆ మాత్ర. ఇనుముతో కలపకూడదు. నర్సు చెప్పిందంట, ఉట్టి కడుపుతో ఏసుకోమని. ఈ పిల్ల నాకు చెప్పింది. నేను వినలేదు." జేబులోంచి కాగితం తీసి మడతలు విప్పాడు. ఎవరికివ్వాలో తెలియక మోకాలి మీద పెట్టుకున్నాడు. "నిన్ననే తెలిసింది. నిన్న చెప్పలేదు."

"సంగట్లో పెడితే ఏమవుతాది?" అంది అంబుజమ్మ. "మనం జన్మంతా అట్లే గదా మింగేది? నువ్వే గదా చెప్పింది?"

"నేనే చెప్పినాను."

ప్రజ్వల్ లేచి వచ్చి కాగితం తీసుకున్నాడు. నిలబడే చదివాడు. చదువుతూ చదువుతూ గోడ వైపు తిరిగాడు. "అప్పా, నువ్వు చెప్పినావనే గదా నేను..." అని ఆగిపోయాడు.

చిన్నవెంకటమ్మ కూతురి వీపు మీద, తను కొట్టిన చోట, అరచెయ్యి పెట్టి రాస్తోంది. కావేరి ఆ చేతిని పక్కకు తోసింది. కోపంగా కాదు. ఉక్కగా ఉంటే దుప్పటి తోసినట్టు తోసింది.

సోమవారం డాక్టరమ్మ దగ్గరికి అంబుజమ్మ తప్ప మిగతా నలుగురూ పోయారు. ప్రజ్వల్ పనికి సెలవు పెట్టాడు. ఆ పొద్దు కూడా వరసలో ఆడవాళ్ళు నిండా ఉన్నారు. కర్టెన్ ఇవతలికి వినపడుతుందని నంజుండప్పకు తెలుసు. తెలిసే గొంతు తగ్గించుకోలేదు. సంగటి, ఇనుము, క్యాల్షియం, నర్సు చెప్పిన మాట, తాను ఆ గదిలో అన్న మాట, అన్నీ వరసగా చెప్పాడు. డాక్టరమ్మ పెన్ను మూత పెడుతూ తీస్తూ విన్నది.

"నేనూ అడిగి ఉండాల్సింది" అంది చివరికి. డోసు మార్చి రాసింది. నాలుగు వారాలకు మళ్ళీ రక్తం చూపించమంది.

"అదీ" అన్నాడు నంజుండప్ప, కార్డులో ఎర్ర అక్షరాల మీద వేలు పెట్టి. "అది కొట్టేయండి మేడం. ఇంటివారు చెప్పిన మాట అని ఉంది. ఇంటివాడు అబద్ధం చెప్పినాడు."

డాక్టరమ్మ ఆ వరస మీద ఒక గీత గీసి, పక్కన సంతకం చేసింది. గీత కిందినుంచి అక్షరాలు కనిపిస్తూనే ఉన్నాయి.

అప్పటిదాకా మాట్లాడని కావేరి అడిగింది, "ఇప్పుడు సరిగ్గా ఏసుకుంటే, ఆ పోయిన నెలలది కూడా బిడ్డకు వస్తాదా మేడం?"

"ఇప్పట్నుంచి అందేది అందుతుందమ్మా. పోయిన నెలల గురించి ఈ రోజు నేను చెప్పలేను. ఎవరూ చెప్పలేరు. పుట్టగానే మడమలోంచి రక్తం తీసి చూస్తాం. చానామంది పిల్లలు బాగానే ఉంటారు." ఆమె ఇంకేదో చెప్పబోయి తరవాతి పేరు పిలిచింది.

బస్టాండులో కావేరి క్యాసంబళ్ళి బస్సు ముందు ఆగింది. "నేను అమ్మతో పోతా" అంది. ప్రజ్వల్ సంచి కోసం ఇంటికి పోయి వస్తానన్నాడు. వద్దంది, మాత్రలు చేతిలోనే ఉన్నాయి, చీరలు అమ్మవి ఉన్నాయంది. నంజుండప్ప రెండడుగులు ముందుకు వేశాడు. క్షమించమ్మా అనే మాట ఆయన నోటికి అలవాటు లేనిది. దాన్ని పైకి తెచ్చుకోవడానికి చూశాడు. రాలేదు.

"ఆరింటికి జ్ఞాపకం పెట్టుకో" అన్నాడు. "మీ అమ్మ తోటకు పోయే ముందర..."

"నాకు తెలుసు మామా." ఆమె మెట్టెక్కి, కమ్మీ పట్టుకుని వెనక్కి తిరిగింది. మొహం ఇంకా ఉబ్బే ఉంది. "అత్తకు బీపీ మాత్ర, కాళ్ళ నొప్పి మాత్ర సంగట్లోనే పెడతా ఉండావు గదా. అవి ఎట్లా ఏసుకోవాలనో ఎవర్నన్నా అడుగు. మూడో లైను తాతలందరికీ కూడా నువ్వే నేర్పించినావు. వాళ్ళవి కూడా అడుగు."

"అడుగుతానమ్మా" అన్నాడు.

ఆమె లోపలికి పోయింది. బస్సు కదిలినప్పుడు కిటికీలో చిన్నవెంకటమ్మ మొహమే కనిపించింది. ప్రజ్వల్ బస్సు మలుపు తిరిగిందాకా చూసి, తండ్రిని అక్కడే వదిలి మారికుప్పం స్టేషను వైపు నడిచాడు.

నంజుండప్ప ఇంటికి పోయాడు. అంబుజమ్మ మాత్రలన్నీ ఒక సంచిలో వేసుకున్నాడు. అక్కడినుంచి మూడో లైనుకు పోయి ముత్యాలప్పనూ, ఇంకో ఇద్దరినీ అడిగి వాళ్ళ మాత్రలు కూడా తీసుకున్నాడు. "ఏం సామీ, మళ్ళీ ఆసుపత్రి తెరుస్తా ఉండావా?" అని నవ్వాడు ముత్యాలప్ప. ఆయన నవ్వలేదు. ఎవరిది ఏదో తెలియడానికి ఒక్కోదాన్నీ పాత పేపరు ముక్కలో చుట్టి పేరు రాసుకున్నాడు.

మందుల షాపు ముందు అయిదారుగురు నిలబడి ఉన్నారు. "ముందు మీరు పోండి డాక్టరు సారూ" అని పక్కకు జరిగారు. ఆయన తల అడ్డంగా ఊపి అందరి వెనకా నిలబడ్డాడు. ఎండ బట్టతల మీద కాస్తోంది. వరస మెల్లగా కదిలింది. తన వంతు వచ్చినప్పుడు పొట్లాలన్నీ కౌంటరు అద్దం మీద వరసగా పేర్చాడు.

"ఇవి కొనడానికి కాదమ్మా" అన్నాడు స్మితతో. మొదటి పొట్లం విప్పి ముందుకు జరిపాడు. "ఈ మాత్ర ఎట్లా ఏసుకోవాల?"